గ్రేడియస్: ఆర్కేడ్ ఆట, దాని పునర్విడుదలలు

జపాన్ సంస్థ కొనామి 1985లో ఆర్కేడ్‌ల కోసం విడుదల చేసిన అంతరిక్ష యుద్ధపు వీడియో గేమ్ గ్రేడియస్. విక్ వైపర్ అనే చిన్న యుద్ధనౌక ఒంటరిగా బయలుదేరి, గ్రేడియస్ గ్రహం మీదికి దండెత్తిన బాక్టీరియన్ సేనలను వాటి కోటదాకా తరిమి కొట్టడం ఇందులోని కథ. నేపథ్యం కుడి నుంచి ఎడమకు జరుగుతూ ఉంటే, ఆటగాడు నౌకను నడుపుతూ ఎదురొచ్చిన వాటిని కాలుస్తూ పోతాడు. ఇలాంటి ఆటలను సైడ్ స్క్రోలింగ్ షూటర్లు అంటారు. జపాన్ బయటి ఆర్కేడ్‌లకు ఇది 'నెమెసిస్' పేరుతో వెళ్లింది. ఇళ్లలో ఆడుకునే యంత్రాల మీద మాత్రం చాలాచోట్ల గ్రేడియస్ పేరే నిలబడింది.

గ్రేడియస్ కంటే ముందే అడ్డంగా జరిగే షూటర్లు ఉన్నాయి. 1981లో అమెరికాలో విలియమ్స్ సంస్థ 'డిఫెండర్'ను తెచ్చింది, అదే ఏడాది కొనామి 'స్క్రాంబుల్'ను తెచ్చింది. అయినా ఈ తరహా ఆటలకు ఒక వ్యాకరణం ఏర్పడింది గ్రేడియస్‌తోనే. ఆయుధాలను ఆటగాడే ఎంచుకోవడం, ఒక్కో దశకు ఒక్కో లోకం, దశ చివర ఒక పెద్ద శత్రువు, ఆ శత్రువులో గురిపెట్టాల్సిన ఒకే ఒక్క చోటు... తర్వాత వచ్చిన షూటర్లలో చాలా వరకు ఈ పద్ధతినే పాటించాయి, లేదా కావాలని దాన్నుంచి పక్కకు జరిగాయి. 1987లో ఐరెమ్ సంస్థ తెచ్చిన 'ఆర్-టైప్' కూడా ఈ బాటలో నడిచిందే.

ఆట తీరు

ఆట మొదలవగానే కనిపించేది నల్లటి ఆకాశం, చుక్కలు, తెల్లటి చిన్న నౌక. కాసేపటికి చిన్న శత్రువులు వరుసకట్టి వస్తాయి. ఆ వరుసలో ఒక్కటీ తప్పించుకోకుండా అన్నింటినీ కాల్చేస్తే ఒక ఎర్రటి క్యాప్సూల్ మిగులుతుంది. దాన్ని అందుకోగానే తెర అడుగున ఉన్న పట్టీలో మొదటి గడి వెలుగుతుంది. ఇంకొకటి అందుకుంటే వెలుగు రెండో గడికి జరుగుతుంది. ఆ పట్టీలో ఆరు గడులు ఉంటాయి: వేగం, క్షిపణి, డబుల్, లేజర్, ఆప్షన్, చివరగా ప్రశ్నార్థకం గుర్తుతో కవచం. వెలుగు ఏ గడి మీద ఉన్నప్పుడు బటన్ నొక్కితే ఆ శక్తి నౌకకు వస్తుంది, పట్టీ మళ్లీ ఖాళీ అవుతుంది.

చెప్పుకోవడానికి ఇంత తేలికైన ఏర్పాటే ఆట మొత్తాన్ని నడిపిస్తుంది. అంతకుముందు షూటర్లలో ఆయుధం దొరికితే దొరికినట్టు వాడుకోవడమే. ఇక్కడ దొరికినదాన్ని ఇప్పుడే ఖర్చు చేయాలా, ఇంకా మంచిదాని కోసం కూడబెట్టాలా అన్నది ఆటగాడే తేల్చుకోవాలి. మొదట్లో నౌక నత్తనడక నడుస్తుంది కాబట్టి మొదటి క్యాప్సూల్‌ను వేగానికి పెట్టక తప్పదు. రెండోసారీ వేగమే తీసుకుంటే నడక హాయిగా ఉంటుంది. అలాగని ఆపకుండా వేగం పెంచుకుంటూ పోతే ఇరుకు సొరంగాల్లో జాయ్‌స్టిక్ కొద్దిగా కదిపినా నౌక గోడకు గుద్దుకుంటుంది. డబుల్ తీసుకుంటే పైకి ఏటవాలుగా కూడా తూటాలు వెళతాయి. లేజర్ తీసుకుంటే ముందున్న వరుసనంతా కోసుకుంటూ పోతుంది. అయితే రెండూ కలిసి ఉండవు. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలి.

ఆప్షన్ అన్నది గ్రేడియస్ షూటర్లకు ఇచ్చిన అసలు కానుక. అది నారింజ రంగులో మెరిసే చిన్న గోళం. నౌక ఏ దారిలో కదిలిందో అదే దారిలో వెనకే వస్తుంది, నౌక కాల్చినప్పుడల్లా తానూ అదే ఆయుధంతో కాలుస్తుంది, ఏ దెబ్బా దానికి తగలదు. ఇలాంటివి నాలుగింటి దాకా తెచ్చుకోవచ్చు. నౌక ఆగితే అవీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. అందుకే అనుభవమున్న ఆటగాళ్లు నౌకను ఊరికే కదపరు. తెర మీద చిన్న సున్నా చుట్టినట్టు నడిపి ఆప్షన్లను తన చుట్టూ పరుచుకుంటారు. ఇరుకు దారి వచ్చే ముందు పైకి, కిందికి లాగి వాటిని నిలువునా వరుసగా నిలబెడతారు. అప్పుడు నౌక ఒక మూల సురక్షితంగా ఉన్నా తెర మొత్తం కాల్పుల్లో మునుగుతుంది. తప్పించుకోవడానికి వేసే ప్రతి అడుగూ ఇక్కడ గురి పెట్టడం కూడా అవుతుంది. ఆటగాడి కదలికనే ఆయుధంగా మార్చిన ఈ ఆలోచనకు సాటి వచ్చేవి షూటర్ల చరిత్రలో కొన్నే ఉన్నాయి.

ఇక రెండో వైపు చూస్తే, ఆట నిర్దయగా ఉంటుంది. ఒక్క తూటా తగిలితే నౌక పేలిపోతుంది. కూడబెట్టుకున్న శక్తులన్నీ పోతాయి. దశలో కొంత వెనక్కి వెళ్లి, మొదట్లో ఉన్న ఒట్టి నౌకతోనే మళ్లీ మొదలుపెట్టాలి. ఆట చివరి దశల్లో ఇలా జరిగితే కోలుకోవడం చాలా కష్టం. ఆటగాళ్లు దీనికి 'గ్రేడియస్ సిండ్రోమ్' అని పేరు పెట్టుకున్నారు. దీనికి తోడు ఆట తెర వెనక ఇంకో లెక్క కూడా నడుస్తుంది. నౌక బలపడే కొద్దీ శత్రువుల కాల్పులు పెరుగుతాయి. ఎక్కువ శక్తి తెచ్చుకుంటే ఎక్కువ ప్రమాదం తెచ్చుకున్నట్టే. అందువల్ల ఏ శక్తీ వదలకుండా పోగేసుకోవాలన్న ఆశను కూడా ఆటగాడు అదుపులో పెట్టుకోవాలి.

దశలు, శత్రువులు

ఆటలో ఏడు దశలున్నాయి. మొదటి దశ చివర రెండు అగ్నిపర్వతాలు బద్దలై బండరాళ్లను ఎగజిమ్ముతాయి. ఆ రాళ్ల వానను తట్టుకున్న తర్వాతే దశ నాయకుడైన బిగ్ కోర్ వస్తుంది. అది ఒక పెద్ద యుద్ధనౌక. దాని నడిమధ్యన నీలిరంగు గోళం ఉంటుంది. ముందున్న చీలిక గుండా తూటాలు పంపి, అడ్డుగా ఉన్న పలకలను ఒక్కొక్కటే పగలగొడితే గానీ ఆ గోళానికి దెబ్బ తగలదు. రెండో దశలో బండలు పేర్చిన కట్టడాలు దారికి అడ్డంగా ఉంటాయి. నాలుగో దశ మొదటి దశకు తిరగేసిన రూపం. ఐదో దశలో పొడుగాటి చేతులు చాపే జీవులు, ఆరో దశలో జీవకణాల్లాంటి ముద్దలు ఎదురవుతాయి. ఏడోది కోట.

మూడో దశను మాత్రం ఆగి చూడాలి. పసిఫిక్ మహాసముద్రంలో ఈస్టర్ దీవి మీద ఉన్న మొవాయ్ రాతి విగ్రహాలను తెచ్చి అంతరిక్షంలో నిలబెట్టారు. వరుసగా నిలబడ్డ ఆ తలలు నోళ్లు తెరిచి ఉంగరాల్లాంటి తూటాలను కక్కుతాయి. నోరు తెరిచి ఉన్నప్పుడు కొడితేనే తల కూలుతుంది. కింద ఒక తల, పైన తలకిందులుగా ఇంకో తల, మధ్యలో ఉంగరాల గుంపు, ఆ గుంపులో నుంచి నౌక దూరిపోవాలి. అంతరిక్ష యుద్ధంలో రాతి విగ్రహాలకు ఏం పని అని ఎవరూ అడగలేదు. అంత వింతగా ఉండటం వల్లనే ఆ దశ జనానికి గుర్తుండిపోయింది. తర్వాత కొనామి ఆటల్లో మొవాయ్ విగ్రహాలు మళ్లీ మళ్లీ కనిపిస్తూ వచ్చాయి.

కోట చివర ఉండే శత్రువు ఒక పెద్ద మెదడు. దారంతా ప్రాణాల మీదికి తెచ్చిన ఆట, చివర్లో ఎదురు కాల్పులు చేయని శత్రువును పెడుతుంది. దాన్ని ఓడించాక ఆట అయిపోదు, మొదటి దశ నుంచి ఇంకా కఠినంగా మళ్లీ మొదలవుతుంది.

తయారీ, బబుల్ మెమరీ

ఆట రూపకల్పనకు నాయకత్వం వహించింది హిరోయాసు మాచిగుచి. మొదట దీన్ని 'స్క్రాంబుల్' ఆటకు కొనసాగింపుగా తలపెట్టారు. అప్పట్లో ఆర్కేడ్‌లను ఏలుతున్నది నామ్కో సంస్థ తెచ్చిన 'జెవియస్'. అది నిలువుగా జరిగే షూటర్. దాన్ని మించిన ఆట చేయాలన్న పట్టుదల ఈ బృందానికి ఉండేది. శక్తులను ఆటగాడి ఇష్టానికి వదిలిపెట్టాలన్న నిర్ణయం ఈ ఆటకు విడిగా ఒక వ్యక్తిత్వాన్ని ఇచ్చింది.

గ్రేడియస్ మొదట నడిచిన యంత్రం పేరు బబుల్ సిస్టమ్. అందులో ఆట సమాచారం మామూలు చిప్‌లలో కాకుండా అయస్కాంత బబుల్ మెమరీలో ఉండేది. పలచని అయస్కాంత పొరలో ఏర్పడే అతి చిన్న అయస్కాంత బిందువుల రూపంలో సమాచారాన్ని దాచే పద్ధతి ఇది. కరెంటు తీసేసినా అందులో రాసినది పోదు. ఒకే బోర్డు కొని, ఆట మార్చాలనుకున్నప్పుడల్లా క్యాసెట్ మారిస్తే చాలు అన్న వెసులుబాటును ఆర్కేడ్ యజమానులకు ఇవ్వాలని కొనామి అనుకుంది. 'ట్విన్‌బీ' అనే ఇంకో ప్రసిద్ధ ఆట కూడా ఇదే బోర్డు మీద వచ్చింది.

బబుల్ మెమరీకి ఒక ఇబ్బంది ఉంది. అది తగినంత వేడెక్కితే గానీ పని చేయదు. కాబట్టి పొద్దున్నే ఆర్కేడ్ తెరిచి మీట వేస్తే ఆట వెంటనే రాదు. యంత్రం వేడెక్కుతున్నట్టు తెర మీద అంకెలు తగ్గుతూ కనిపిస్తాయి. అది పూర్తయ్యాక సమాచారం చిప్‌లలోకి చేరేదాకా ఒక చిన్న బాణీ మోగుతుంది. దాని పేరు 'మార్నింగ్ మ్యూజిక్'. ఆర్కేడ్‌లో ఆ రాగం వినేది ఎక్కువగా ముందే వచ్చి దుకాణం తెరిచే పనివాళ్లు. ఆ బాణీ జపాన్‌లో పాత ఆటల అభిమానులకు ఇప్పటికీ ప్రాణప్రదం. బబుల్ మెమరీ ఖరీదైనది, పక్కన అయస్కాంత ప్రభావం ఉంటే పాడయ్యేది కూడా. అందుకని కొద్దికాలానికే కొనామి ఆ పద్ధతిని వదిలి మామూలు రామ్, రోమ్ చిప్‌ల బోర్డులకు మారింది. బోర్డుతో పాటే వేడెక్కే ఆ విరామమూ పోయింది. సరిగా పనిచేసే బబుల్ సిస్టమ్ బోర్డులు నేడు అరుదు.

సంగీతం

గ్రేడియస్‌కు బాణీలు కట్టిన వారిలో ముఖ్యులు మికి హిగాషినో. అప్పటికి ఆమె ఇంకా విద్యార్థిని. 1985 నాటి సౌండ్ చిప్‌లలో ఒకేసారి పలికించగల స్వరాలు చాలా తక్కువ. ఉన్న కొద్ది స్వరాలతోనే ఆమె ప్రతి దశకూ ఒక ప్రత్యేకమైన స్వభావాన్ని ఇచ్చారు. నౌక ఖాళీ ఆకాశంలో ఉన్నప్పుడు వినిపించే ఉల్లాసమైన బాణీ, దశ మొదలయ్యాక వచ్చే గంభీరమైన బాణీ, ఆట ఊపిరి తీసుకునే చోట్లను చెవికి తెలియజేస్తాయి. తర్వాతి కాలంలో 'సుయికోడెన్' ఆటల సంగీతంతో ఆమె పేరు మరింతగా వినిపించింది.

ఇళ్లకు చేరిన గ్రేడియస్

1986లో నింటెండో ఫ్యామికామ్ మీదికి గ్రేడియస్ వచ్చింది. ఆర్కేడ్ బోర్డులో మోటరోలా 68000 ప్రాసెసర్ ఉంటే, ఫ్యామికామ్‌లో ఉన్నది దానికంటే బాగా చిన్నది. క్యాసెట్ మొత్తం నిల్వ 64 కిలోబైట్లు. అందులోకి ఆటను ఇమడ్చడానికి చాలా కత్తిరించాల్సి వచ్చింది. ఆప్షన్లు నాలుగు కాస్తా రెండయ్యాయి. తెర పొడవునా సాగే లేజర్ పొట్టి గీతగా మారింది. అయినా ప్రపంచంలో ఎక్కువమందికి గ్రేడియస్ పరిచయమైంది ఈ రూపంలోనే. కత్తిరింపులు పోను పట్టీ, క్యాప్సూళ్లు, కోర్, మొవాయ్‌లు అన్నీ ఇందులో ఉన్నాయి. దీన్ని నాసిరకం నకలు అనడం అన్యాయం, చిన్న యంత్రం కోసం ఆటను తెలివిగా తిరిగి రాసిన పని ఇది.

ఈ క్యాసెట్ తయారీలోనే కొనామి కోడ్ పుట్టింది. ప్రోగ్రామర్ కజుహిసా హషిమొతో, ఆటను పరీక్షించాలంటే ముందు దాన్ని తాను ఆడగలగాలి కాబట్టి ఒక దొడ్డిదారి పెట్టుకున్నారు. ఆటను మధ్యలో ఆపి పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, తర్వాత బి, ఎ బటన్లు నొక్కితే నౌకకు దాదాపు శక్తులన్నీ ఒక్కసారే వచ్చేస్తాయి. విడుదలకు ముందు దాన్ని తీసేయలేదు. ఆ తర్వాత కొనామి ఎన్నో ఆటల్లో అదే వరుసను వాడింది. హషిమొతో 2020లో మరణించినప్పుడు ప్రపంచమంతటా పత్రికలు ఆయనను గుర్తు చేసుకున్నది ఈ కోడ్ పేరుతోనే.

మన దేశంలో గ్రేడియస్ కంటే దాని తోబుట్టువు అనదగ్గ 'కాంట్రా' ఎక్కువమందికి తెలుసు. 1990లలో ఫ్యామికామ్‌ను పోలిన నకలు యంత్రాలు మన మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చాయి. పెట్టెలో పెట్టే వాటిని క్యాసెట్లు అనేవాళ్లు, ఒక్కో క్యాసెట్‌లో బోలెడు ఆటలు ఉండేవి. 'కాంట్రా'లో 30 ప్రాణాలు తెచ్చిపెట్టే బటన్ల వరుస ఏదైతే ఉందో, అది గ్రేడియస్ కోసం పుట్టినదే.

ఇతర యంత్రాల సంగతికి వస్తే, ఎంఎస్ఎక్స్ కంప్యూటర్ మీద 1986లో వచ్చిన రూపంలో తెర మెత్తగా జరగదు, గళ్లు గళ్లుగా దుముకుతుంది. ఆ కంప్యూటర్‌కు తెరను జరిపే సౌకర్యమే లేదు. అయినా అదే ఎంఎస్ఎక్స్ కోసం కొనామి 1987లో 'గ్రేడియస్ 2' అనే వేరే ఆటను చేసింది. ధ్వని కోసం క్యాసెట్‌లోనే ప్రత్యేకమైన చిప్‌ను పెట్టింది. దీన్ని 1988లో ఆర్కేడ్‌కు వచ్చిన 'గ్రేడియస్ 2'తో కలపకూడదు, రెండూ వేర్వేరు ఆటలు. ఇక షార్ప్ సంస్థ 1987లో ఎక్స్68000 కంప్యూటర్‌ను తెచ్చినప్పుడు దానితో పాటే గ్రేడియస్‌ను ఇచ్చింది. అందులో ఉన్నదీ ఆర్కేడ్ బోర్డులోని 68000 ప్రాసెసర్ కుటుంబమే. ఆర్కేడ్ ఆట ఇంట్లో అంత దగ్గరగా కనిపించడం అప్పటికి అబ్బురం. ఆ కంప్యూటర్ ప్రతాపాన్ని చూపడానికి ఆ ఒక్క ఆట చాలింది. పీసీ ఇంజిన్ మీద 1991లో వచ్చిన రూపంలో కొత్త దశ ఒకటి చేరింది.

కొనసాగింపులు

1986లో వచ్చిన 'సాలమాండర్'ను గ్రేడియస్‌కు చెల్లెలు అనుకోవచ్చు. అందులో ఇద్దరు కలిసి ఆడవచ్చు, దశలు ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా జరుగుతాయి, చనిపోతే వెనక్కి పోకుండా అక్కడికక్కడే మళ్లీ మొదలవుతుంది. అమెరికాలో దాన్ని 'లైఫ్ ఫోర్స్' అన్నారు. 1988 నాటి 'గ్రేడియస్ 2' ఆయుధాలను కట్టలుగా ఎంచుకోనిచ్చింది. 1989 నాటి 'గ్రేడియస్ 3' ఆర్కేడ్‌లో ఆటగాళ్లను హడలగొట్టింది. దాని కష్టం గురించి నేటికీ కథలుగా చెప్పుకుంటారు. 1997లో ప్లేస్టేషన్‌కు వచ్చిన 'గ్రేడియస్ గైడెన్' పట్టీలోని గడుల వరుసను కూడా ఆటగాడే మార్చుకోనిచ్చింది. 'గ్రేడియస్ 4' 1999లో వచ్చింది. 2004లో ప్లేస్టేషన్ 2 కోసం వచ్చిన 'గ్రేడియస్ 5'ను ట్రెజర్ సంస్థకు అప్పగించారు. ఆప్షన్లను ఒకచోట నిలిపి ఉంచడం, కాల్చే దిక్కు తిప్పడం, నౌక చుట్టూ తిప్పడం వంటి వెసులుబాట్లు అందులో ఉన్నాయి. ఆప్షన్ అన్న ఆలోచనను దాని హద్దులదాకా తీసుకువెళ్లింది ఆ ఆటే. ఈ వరుసలో మొదటి ఆట తర్వాత మొదటి స్థానం దానికే ఇవ్వాలి.

'గ్రేడియస్ 3'ను 1990లో సూపర్ ఫ్యామికామ్ మీదికి తెచ్చినప్పుడు కొనామి తన కోడ్‌తోనే ఆటగాళ్లను ఆటపట్టించింది. పాత వరుసనే నొక్కితే శక్తులన్నీ వస్తాయి, వెంటనే నౌక తనంతట తానే పేలిపోతుంది. ఎడమ, కుడి స్థానంలో భుజం బటన్లు నొక్కిన వారికే ఫలితం దక్కుతుంది. ఆ క్యాసెట్ ఇంకో కారణానికి కూడా పేరుబడింది. తెర మీద శత్రువులు ఎక్కువైతే ఆట ఈడ్చుకుంటూ నడుస్తుంది. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత, 2019లో, బ్రెజిల్‌కు చెందిన ఒక ప్రోగ్రామర్ ఆ ఆట కోడ్‌ను సూపర్ ఫ్యామికామ్ కాలంలోనే ఉన్న ఎస్ఏ-1 అనే సహాయక చిప్ మీద నడిచేలా మార్చి, ఆ మందగమనాన్ని పోగొట్టారు.

పునర్విడుదలలు

1990ల మధ్యదాకా గ్రేడియస్‌ను ఇంటికి తేవడమంటే ఆ యంత్రానికి తగ్గట్టు కొత్తగా రాయడమే. 1996లో ప్లేస్టేషన్, సాటర్న్ యంత్రాలకు వచ్చిన 'గ్రేడియస్ డీలక్స్ ప్యాక్'తో పరిస్థితి మారింది. మొదటి రెండు ఆర్కేడ్ ఆటలు అసలు రూపానికి దగ్గరగా, ఒకే డిస్క్‌లో ఇంటికి వచ్చాయి. 2000లో ప్లేస్టేషన్ 2 కోసం మూడు, నాలుగు ఆటలను కలిపి ఇచ్చారు. 2006లో చేతిలో ఇమిడే పీఎస్‌పీ కోసం నాలుగు ఆర్కేడ్ ఆటలతో పాటు 'గైడెన్'నూ కలిపి ఒక సంకలనం తెచ్చారు. బస్సులో, రైల్లో కూర్చుని ఆర్కేడ్ గ్రేడియస్ ఆడగలగడం అప్పటినుంచే సాధ్యమైంది. 2008లో నింటెండో వీ యంత్రానికి వచ్చిన 'గ్రేడియస్ రీబర్త్' పునర్విడుదల కాదు, పాత రూపురేఖలతో చేసిన కొత్త ఆట. దాన్ని చేసింది జపాన్‌కు చెందిన ఎం2 సంస్థ. పాత ఆటలను కొత్త యంత్రాల మీద యథాతథంగా నడిపించడంలో ఎం2కు పేరుంది.

ఫ్యామికామ్ రూపం వేరే దారిలో బతికింది. నింటెండో 2016లో అరచేతిలో పట్టే చిన్న ఎన్ఈఎస్ (ఫ్యామికామ్‌కు విదేశాల్లో ఉన్న పేరు) యంత్రాన్ని అమ్మినప్పుడు అందులో చేర్చిన ఆటల్లో గ్రేడియస్ ఒకటి. 2018లో స్విచ్ ఆన్‌లైన్ సేవ మొదలైన రోజు నుంచే ఎన్ఈఎస్ ఆటల వరుసలో ఇది ఉంది. ఆర్కేడ్ రూపాన్ని హ్యామ్‌స్టర్ సంస్థ 'ఆర్కేడ్ ఆర్కైవ్స్' వరుసలో విడిగా విడుదల చేసింది. కొనామి 2019లో తన 50వ వార్షికోత్సవానికి తెచ్చిన ఆర్కేడ్ సంకలనంలో 'నెమెసిస్'ను, దాని పూర్వీకుడైన 'స్క్రాంబుల్'ను పక్కపక్కనే పెట్టింది. 2020లో వచ్చిన చిన్న పీసీ ఇంజిన్ యంత్రంలో ఎం2 ఒక మెచ్చుకోదగ్గ పని చేసింది. 1991 నాటి పీసీ ఇంజిన్ గ్రేడియస్‌ను అలాగే ఉంచి, దాన్ని ఆర్కేడ్‌కు మరింత దగ్గరగా సవరించిన ఇంకో రూపాన్ని కూడా అదనంగా దాచిపెట్టింది.

ఇన్నింటిలోకీ పెద్దది 2025 ఆగస్టు 7న విడుదలైన 'గ్రేడియస్ ఆరిజిన్స్'. ఇదీ ఎం2 చేసిందే. గ్రేడియస్ మొదటి మూడు ఆర్కేడ్ ఆటలు, 'సాలమాండర్', దాన్నే మార్చి చేసిన 'లైఫ్ ఫోర్స్', 'సాలమాండర్ 2', వాటితో పాటు కొత్తగా తయారు చేసిన 'సాలమాండర్ 3' ఇందులో ఉన్నాయి. ఆటలు 7 అయినా రూపాలు 18. ఒకే ఆటకు జపాన్ రూపం, విదేశీ రూపం, కష్టం తక్కువైన రూపం అంటూ వేర్వేరుగా ఇచ్చారు. అన్నింటికంటే విలువైనది 'గ్రేడియస్ 3'కు చెందిన ఒక ప్రదర్శన రూపం. ఆట పూర్తికాక ముందు వ్యాపార ప్రదర్శనలో చూపించి, ఎప్పుడూ అమ్మని రూపం అది. మూడున్నర దశాబ్దాల తర్వాత అది మొదటిసారి జనం చేతికి వచ్చింది.

అసలు రూపం ఏది?

ఇన్ని పునర్విడుదలలను వరుసగా చూస్తే, పాత ఆటను కాపాడటంలో అన్నింటికంటే కష్టమైనది దాని నడకను కాపాడటమని తెలుస్తుంది. గ్రేడియస్ బొమ్మ వెడల్పు 256 చుక్కలు, ఎత్తు 224 చుక్కలు. ఆ బొమ్మలను కాపీ చేయడం నేటి కంప్యూటర్‌కు చిటికెలో పని. అయితే 1985 నాటి బోర్డు మీద శత్రువులు గుంపుగా వస్తే ఆట కాస్త నెమ్మదించేది. ఆ క్షణంలోనే ఆటగాడు తూటాల మధ్య దారి చూసుకునేవాడు. కొత్త యంత్రం తన బలం కొద్దీ అక్కడ పూర్తి వేగంతో నడిపిస్తే బొమ్మ అదే అయినా ఆట మారిపోతుంది. అలాగే బటన్ నొక్కినప్పటి నుంచి నౌక కదిలేదాకా పట్టే వ్యవధి కాస్త పెరిగినా, మొవాయ్ దశలో ఉంగరాల మధ్య నుంచి దూరడం అసాధ్యమవుతుంది. పాత గాజు గొట్టపు టీవీలో చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి మెత్తగా కనిపించేవి, నేటి తెర మీద అవే పదునుగా, గరుకుగా కనిపిస్తాయి. అందుకే కొత్త సంకలనాల్లో పాత తెర గీతలను అనుకరించే సదుపాయం పెడుతున్నారు.

ఒక ఆటకు ఒకే అసలు రూపం ఉంటుందన్న నమ్మకాన్ని కూడా ఈ చరిత్ర ప్రశ్నిస్తుంది. బబుల్ సిస్టమ్ బోర్డు, తర్వాతి రోమ్ బోర్డు, విదేశాలకు పంపిన నెమెసిస్, అన్నీ ఆర్కేడ్ రూపాలే. అమెరికాలో పెరిగినవాడికి అసలైనది ఎన్ఈఎస్ క్యాసెట్. జపాన్‌లో కంప్యూటర్ కొనుక్కున్న కుర్రాడికి ఎక్స్68000 డిస్క్. 18 రూపాలను పక్కపక్కన పెట్టిన 'ఆరిజిన్స్' పద్ధతి సరైనదని అనిపించేది ఇందుకే. అది ఒకదాన్ని గొప్ప చేసి మిగతావాటిని చెత్తబుట్టలో వేయదు. ఈ మర్యాదను ఆట ప్రచురణకర్తలు అందరూ పాటించాలి. అమ్ముడుపోని రూపాలను, సగంలో ఆగిన రూపాలను కూడా పుస్తకాల రాతప్రతుల్లాగే భద్రపరచాలి. బోర్డులు తుప్పు పట్టిపోయాక, వాటిని రాసినవారు లేకుండా పోయాక ఆ పని చేయడం కుదరదు.

కొత్త సంకలనాల్లో ఆటను కొంత వెనక్కి తిప్పుకునే సదుపాయం, దెబ్బ తగలకుండా ఆడే పద్ధతి, ఒక్కో చోటును సాధన చేసుకునే ఏర్పాటు ఉన్నాయి. వీటిని చిన్నచూపు చూడనక్కరలేదు. ఆర్కేడ్‌లో నాణెం మీద నాణెం వేసినా మూడో దశ దాటలేకపోయినవారికి కోట లోపలి మెదడును చూసే అవకాశం వీటివల్లే దొరికింది. అయితే మొదటిసారి ఆడేవారికి ఒక మాట. ఆర్కేడ్ గ్రేడియస్‌ను ముందుగా వెనక్కి తిప్పకుండా ఆడండి. రెండు వేగాలు, ఒక క్షిపణి తీసుకుని, తర్వాత క్యాప్సూళ్లను ఆప్షన్ల కోసం కూడబెట్టండి. ప్రాణం పోయినా అక్కడే ఒట్టి నౌకతో కాసేపు ప్రయత్నించండి. ఫ్యామికామ్ రూపాన్ని ఆ తర్వాత చూస్తే, దాన్ని రాసినవారు ఏం వదులుకుని ఏం నిలబెట్టుకున్నారో స్పష్టంగా అర్థమవుతుంది.